ట్యాంకు పొయ్యి

సార్జెంటు తాగి పెట్టిన గాజుగ్లాసును సింహాచలమ్మ బూడిదతో తోమింది. అది చాలదనిపించి ఇసుకతో ఇంకోసారి తోమింది. పోయిన వారం ఇదే గ్లాసుతో రెండుసార్లు కల్లు తాగి, మూతి తుడుచుకుని, ఆ కల్లు ఇంట్లో ఉంచుకున్న నేరానికి ఆమె మొగుణ్ణి జీపెక్కించాడు. ఈ పొద్దున బలరాంని ఠాణా నుంచి వదిలారు. సాయంత్రం కాకుండానే సార్జెంటు పలకరించడానికి వచ్చినట్టు వచ్చి, వసారాలో బల్ల మీద కూర్చుని, మళ్లీ అదే గ్లాసు అడిగాడు.

"ఏటన్నాడే?" అని లోపలి నుంచి అత్త వెంకమ్మ అడిగింది. ఆవిడకు బర్మా భాష బాగానే వచ్చు. పోలీసులు మాట్లాడినప్పుడు మాత్రం ఒక్క ముక్క చెవిన పడదు.

"ఏటంటాడు. కల్లు బాగున్నాదన్నాడు. ఇంకోపాలి ఇంట్లో కల్లు దొరికితే ఠాణాతో పోదంట. పెద్ద జైలేనంట."

"తాగుతానే అన్నాడా?"

"తాగుతానే."

బలరాం గుమ్మంలో కూర్చుని ఉప్పు వేసిన వేణ్ణీళ్లలో పాదాలు పెట్టుకుని ఉన్నాడు. అరికాళ్ల మీద కొట్టారు. చెట్టెక్కి బతికేవాడని తెలిసి అక్కడ కొట్టారో, అందరినీ అక్కడే కొడతారో అతను చెప్పలేదు, ఆమె అడగలేదు. నీళ్లలో కాళ్లు కదిపినప్పుడల్లా అతని దవడ బిగుసుకుంటోంది.

"ఆడి తప్పేటుంది? నెలకిన్ని కేసులు కావాలని పైవోడు అడుగుతాడంట" అన్నాడు.

"నీకు ఎవలి తప్పూ కనపడదు బావా."

విమానం ఒకటి బాగా కిందుగా పోయింది. ఇంటి రేకులు కాసేపు అదిరి ఆగాయి. మింగళాడోన్‌లో విమానాలు దిగే దారికీ, మిలిటరీ వాళ్ల కంచెకూ నడుమ మిగిలిన తాటితోపు అది. తోపు చివర ఈ ఒక్క ఇల్లు. సాయంత్రం బలరాం కుండలు కట్టి వస్తాడు, తెల్లారి దింపుతాడు. కుండ లోపల సున్నం పూసి కడితే గెల నుంచి కారిన తాటినీరు పొద్దెక్కేదాకా తియ్యగా ఉంటుంది. ఆలోపల కాచుకుంటే బెల్లం. కాచలేకపోతే కల్లు. ప్రభుత్వ దుకాణంలో పంచదార కనపడని రోజులవి. ఎంత బెల్లం చేసినా టీకొట్ల వాళ్లు ఇంటికొచ్చి పట్టుకుపోతారు. కాని సింహాచలమ్మకున్నది ఒకే పొయ్యి, మూడు మట్టి మూకుళ్లు. సగం నీరు కాగేసరికి మిగతా సగం నురగ కట్టేది. నురగ కట్టిన దాన్ని పారబొయ్యడానికి ఆ ఇంట్లో ఎవరికీ చెయ్యి రాలేదు. దాహమైన వాళ్లు వచ్చి తాగేవాళ్లు. వాళ్ల వెనకే సార్జెంటు వచ్చేవాడు.

ఆమెకిప్పుడు కావలసింది ఒకటే. పొద్దు నడినెత్తికొచ్చేసరికి ఇంట్లో కల్లు చుక్క ఉండకూడదు. చుక్క లేకపోతే కేసు లేదు. కేసు లేకపోతే బలరాం జైలుకు పోడు.

"సిన్నాన్నకి కబురెట్టినాను" అంది గ్లాసు బోర్లిస్తూ. "పెద్ద పెనం కావాలన్నాను. ఒక్కపాలే అంతా కాగిపోయేటిది."

బలరాం తల ఊపాడు. నీళ్లు చల్లారిపోయినా కాళ్లు అందులోంచి తియ్యలేదు.

*

మర్నాడు పొద్దున దండాసి ఎడ్లబండి మీద వచ్చాడు. సింహాచలమ్మ తండ్రికి తమ్ముడు. ఊళ్లో తామ్వే పేటలో ఉంటాడు. సేక్కాన్ రేవులో బాయిలర్లకు రివిట్లు కొట్టీ కొట్టీ చెవులు పోగొట్టుకున్నవాడు. తనకు వినపడనిది ఎదుటివాళ్లకూ వినపడదనుకుంటాడేమో, గుమ్మంలో నిలబడి మాట్లాడినా తోపంతా వినిపిస్తుంది.

బండి మీద మనిషి పొడవున, పీపా కంటే లావుగా, తుప్పు పట్టిన ఇనప ట్యాంకు ఉంది. తాళ్లతో కట్టి, కదలకుండా రెండు పక్కలా గడ్డి కుక్కాడు.

"అదేటి? శవాన్నట్టుకొచ్చినట్టు తెచ్చినాడు" అంది వెంకమ్మ.

"ఏటీ?"

"బాగున్నాదంటన్నాను అన్నయ్యా."

"బాగుండదా మరి! పాత లాంచీది, ఆయిల్ ట్యాంకు. లాంచీని ముక్కల కింద కొట్టేసి అమ్ముకున్నారు. ఇది బురదలో ఉండిపోనాది. కాపలావోడు బెల్లం పెడతావా అన్నాడు. పెడతానన్నాను. ఒలే సింహాచలం, నా మాట నిలబెట్టాల నువ్వు."

"ముందు బెల్లం కానీ సిన్నాన్నా."

ట్యాంకును దొర్లించి దించారు. లోపల అడుగున నల్లటి నూనె బంకలా కదిలింది. దండాసి ఒక చెయ్యి దాని పొట్ట మీద వేసి, సుద్దముక్కతో పొడవునా ఒక గీత, దానికి రెండు జానల అవతల ఇంకో గీత గీసి, రెండు కొసలూ కలిపాడు. పని చెప్పేటప్పుడు మాత్రం అతని గొంతు తగ్గింది.

"ఈ మేరకి పొట్ట కోసి రేకు తీసేస్తాం. ఆ రేకు సాగ్గొట్టి అంచులు మడిస్తే పెనం. మిగిలిన పొట్టే పొయ్యి. పెనం దాని మీద మూతలాగ కూకుంటాది. ఈ మూతిలోంచి ఊక పోస్తే, ఆ మూతిలోంచి పొగ పోతాది. కట్టెలక్కరనేదు. మంట ఎక్కడికీ పోదు, పెనం కిందే సస్తాది."

"మరి కొయ్యడం?" అన్నాడు బలరాం.

"ముందు నీళ్లు. మెడదాకా నింపాల."

"కాళీదే కదా మావా."

దండాసి అతని వంక చూశాడు. "నూనె ట్యాంకు కాళీ అని ఎవలన్నా నమ్మకు బాబూ. నూనె పోద్ది, దాని ఆవిరి ఉండిపోద్ది. ఉలి దెబ్బకి ఒక్క రవ్వ లేచిందంటే నీ కర్మా నా కర్మా ఒకేపాలి సెయ్యాల. నీళ్లు పొయ్యి."

బలరాం చెరువుకు పోలేడు. సింహాచలమ్మ, ఆమె వెనక వెంకమ్మ కావిడి మోశారు. ట్యాంకు తాగుతూనే ఉంది. నల్లటి నూనె తేలి మూతి దగ్గరకొచ్చి, పక్కన కారి, గడ్డి మీద ఏడు రంగులుగా పరుచుకుంది. నీళ్లు మూతిదాకా నిండాక దండాసి చాలన్నాడు. మూతిలో తడిగోనె కుక్కాడు. అప్పుడు గోనెసంచిలోంచి ఉక్కు ఉలులు తీసి, ఒక్కొక్కదాని మొన బొటనవేలి గోరు మీద గీసి చూసుకున్నాడు.

బలరాం మోకాళ్ల మీద కూర్చుని పట్టుకారుతో ఉలి పట్టుకున్నాడు. దండాసి సమ్మెట వేశాడు. మొదటి దెబ్బకు ఇనుము తుప్పు రాల్చింది. రెండో దెబ్బకు తెల్లగా గాటు పడింది. ఉలి కొద్దిగా జరపడం, దెబ్బ, మళ్లీ జరపడం. వేలిముక్కంత దూరం తెగడానికి ఎన్ని దెబ్బలో ఎవరూ లెక్కపెట్టలేదు. ఉలి వేడెక్కితే నీళ్లలో ముంచేవాళ్లు. బలరాం చేతులు అదురుకు మొద్దుబారి పట్టుకారు జారితే, సింహాచలమ్మ పక్కకొచ్చి పట్టుకుంది. ఆమె పట్టుకున్నప్పుడు దండాసి దెబ్బ తగ్గించలేదు. తగ్గించినా ఆమె ఒప్పుకునేది కాదు.

ఆ చప్పుడు రోడ్డు దాకా పోయింది. మధ్యాహ్నం దాటాక సార్జెంటు సైకిలు తొక్కుకుంటూ తోపులోకి వచ్చాడు. ఒక కాలు నేల మీద ఆనించి సైకిలు మీదే కూర్చుని చాలాసేపు చూశాడు. నలభై దాటిన మనిషి. నవ్వితే చిగుళ్లు కిళ్లీ ఎరుపు.

"ఏమిటిది? ఫిరంగి తయారు చేస్తున్నారా?" అన్నాడు బర్మాలో.

"బెల్లం పొయ్యి, సయా" అన్నాడు బలరాం లేచి నిలబడబోతూ. పాదాలు నేలకు ఆనించలేక మళ్లీ మోకాళ్ల మీదికి వచ్చాడు.

"బెల్లమా? మంచిది. దేశంలో పంచదార లేదు. మీరైనా చెయ్యండి." ట్యాంకును బూటు కొసతో తట్టాడు. "ఇంత పొయ్యిలో తోపంతా కాగిపోయేలా ఉందే. మరి నాకు?"

బలరాం నవ్వడానికి చూశాడు. సింహాచలమ్మ పట్టుకారు కింద పెట్టింది.

"ఇక మా ఇంట్లో కల్లుండదు సయా. అంతా కాచేస్తాం. మీరే కదా వద్దన్నారు."

సార్జెంటు ఆమెను అప్పుడే చూసినట్టు చూశాడు. "అలాగా, కలామా" అన్నాడు. ఇండియా ఆడవాళ్లను అక్కడ అలాగే పిలుస్తారు. కోపమేమీ లేదు ఆ గొంతులో. సైకిలు తిప్పుకుని వెళ్లిపోయాడు.

అతను కంచె మలుపు తిరిగేదాకా ఆగి బలరాం అన్నాడు: "ఎందుకలగ అన్నావు?"

"ఉన్నదే అన్నాను."

"నవ్వితే సరిపోయేది కదా. ఆడు వొచ్చి అడిగినప్పుడల్లా నాను నవ్వుతాను."

"నవ్వే కదా కాళ్లు పోగొట్టుకున్నావు."

ఆ మాట అన్నాక ఆమె తల తిప్పేసుకుంది. దండాసికి ఏదీ వినపడలేదు. "పట్టు, పట్టు. పొద్దు పోతంది" అన్నాడు.

*

రేకు ఊడి వచ్చాక చూస్తే కోసిన పుచ్చకాయ చెక్కలా వంగి ఉంది. ఎర్రరాతి బండ మీద రైలుపట్టా ముక్క పెట్టి, దాని మీద బోర్లా వేసి దండాసి చెక్కసుత్తితో కొట్టాడు. నడుమ కొడితే అంచు లేస్తుంది. అంచు కొడితే నడుమ ఉబ్బుతుంది. అతను నడిమి నుంచి చుట్లు చుట్లుగా బయటికి కొట్టుకుంటూ పోయాడు, ముగ్గు పెట్టినట్టు. అలసిపోతే కూర్చుని చుట్ట వెలిగించుకుని ఆ రేకు మీద చెయ్యి పరిచి కళ్లు మూసుకునేవాడు. ఎక్కడ ఎత్తుందో అరచేతికి తెలిసేది.

మూలలు కత్తిరించలేదు. కత్తిరిస్తే అతకాలి, అతుకు కారుతుంది. ఒక్కొక్క మూలనూ బొగ్గుల్లో ఎర్రగా కాల్చి, విస్తరి చెవి మడిచినట్టు లోపలికి మడిచాడు. మడత మీద రాగి రివిట్టు వేశాడు. నడుమ రెండు అడ్డు రేకులు నిలబెట్టి, ఒకదానికి ఈ చివర, ఇంకోదానికి ఆ చివర దారి విడిచాడు. పచ్చినీరు ఒక మూల పోస్తే, మలుపులు తిరుగుతూ, తిరిగేకొద్దీ చిక్కనై, అవతలి మూలకు పాకమై వస్తుందన్నాడు.

"మగ్గం మీద సాలోడి నాడె పోయినట్టు అటూ ఇటూ తిరిగి పోద్ది. అడ్డంగా పోసి అడ్డంగా తియ్యకూడదు."

పొయ్యికి లోపల బంకమట్టి, ఊక, పేడ కలిపి సింహాచలమ్మ అరచేతి మందాన మెత్తింది. చెయ్యి లోపలికి పెట్టి మెత్తుతుంటే భుజం దాకా ఇనుము చల్లగా తగిలింది. ఆమె ఒంటికి నూనె కంపు అంటింది. ఎంత సీకాయ రుద్దినా పోలేదు.

బలరాం ఆ సాయంత్రం చెట్లెక్కాడు. పాదాలకు పాతగుడ్డ చుట్టుకుని, వెదురు నిచ్చెన మెట్టు మెట్టుకూ ఆగుతూ ఎక్కాడు. కింద నుంచి చూస్తే గెల చెక్కే చెయ్యి ఎప్పటిలాగే ఉంది. పలుచటి పొర ఒకటి చెక్కి, కత్తి మొనతో తీసి పారేసి, సున్నం పూసిన కుండ కట్టాడు. దిగేటప్పుడు మాత్రం చేతులతో దిగాడు, కాళ్లతో కాదు.

తెల్లవారి మొదటిసారి రాజేశారు. ఊక నెమ్మదిగా అంటుకుని, ఉన్నట్టుండి పొగమూతికి తగిలించిన గొట్టం గుమ్మని పొగను లాగింది. పొయ్యి లోపల మంట పాకుతున్న చప్పుడు. తోపులో దిగిన నీరంతా పెనంలో పట్టింది. ఒక్క కుండ మిగల్లేదు. పొద్దు తాటిచెట్ల నడుముదాకా రాకుండానే అవతలి మూల పాకం తేనెరంగుకు వచ్చింది. పొంగు లేస్తే వెంకమ్మ నూరిన ఆముదపు గింజల ముద్ద వేసింది. పొంగు కూర్చుంది. సింహాచలమ్మ చల్లనీళ్ల ముంతలో పాకం చుక్క వేసి, వేళ్లతో ఉండ చేసింది. ఉండ కట్టింది. నోట్లో వేసుకుంది.

ముఖం మారడం చూసి బలరాం, "ఏటి?" అన్నాడు.

ఆమె ఉమ్మేసింది. దండాసి ఒక చుక్క నాలిక మీద వేసుకుని తనూ ఉమ్మేశాడు. నూనె. పచ్చినీటిలో తెలియలేదు. చిక్కబడేకొద్దీ అదీ చిక్కబడి, బెల్లమంతా లాంచీ వాసన కొట్టింది.

"మడతల్లో దాక్కున్నాది. కడిగినాం గాని మడతల్లోకి సెయ్యి పోదు. తప్పు నాదే. మూలలు మడవకముందే పెనం కాల్చాల్సింది" అన్నాడు దండాసి.

ఆ పాకమంతా గోతిలో పోశారు. చీమలు కూడా దాని చుట్టూ తిరిగి పోయాయి.

*

పెనం బోర్లించి మంట మీద ఎర్రబడేదాకా కాల్చారు. మడతల్లోంచి నల్లటి పొగ సన్నగా వచ్చి, తెల్లబడి, ఆగింది. చాకలి సోడా వేసి నీళ్లు మరగబెట్టారు. పారబోసి, చింతపండు వేసి మళ్లీ మరగబెట్టారు. అయినా దండాసి తల ఆడించలేదు. రేపొక్కరోజే తను ఉండగలడు, ఎల్లుండి పనిలో కనపడకపోతే పేరు కొట్టేస్తారు.

వెంకమ్మ మూడు రాళ్ల దగ్గర కూర్చుని ఉంది. నూనె వాసనకు దూరంగా, పెద్ద పోతుతాటి చెట్టు మొదట్లో పసుపు రాసిన మూడు రాళ్లవి. గంజాం నుంచి ఓడెక్కినప్పుడు పెద్దలు కొంగున కట్టి తెచ్చారంటుంది.

"సాక పొయ్యకుండా కొత్త నిప్పెట్టినారు. ఇంకేటవుద్ది?" అంది.

"అత్తా, సాకంటే కల్లు కావాల."

"మరి అమ్మోరికి టీ పోస్తారేటి?"

"కల్లుంటే ఆడొచ్చి..."

"ఒక్క కుండే. నాలుగు చుక్కలు పోసి, మిగిలింది తలో గుక్క తాగి కడిగేస్తాం. మా అత్త సేసింది, నాను సేసినాను. గెల మొదలెట్టినప్పుడు, కొత్త పొయ్యి ఎలిగించినప్పుడు పొయ్యకుండా ఉన్నోళ్లు ఎవలే? నీ మొగుడి కాళ్లు సూడు. ట్యాంకు నూనెని కాల్చినావు గాని, మనకి పట్టిందాన్ని ఏటితో కాలుస్తావు?"

ఈ అమ్మవారి మీద సింహాచలమ్మకు కోపముంది. బలరాం ఠాణాలో ఉన్నన్ని రోజులూ దండం పెట్టలేదు. కాని గోతిలో పోసిన పాకం ఆమె కళ్ల ముందు నుంచి పోలేదు. రేపు కూడా ఇలాగే అయితే నీరంతా మధ్యాహ్నానికి కల్లు. పెనం ఇనప్పెంకు. చిన్నాన్న తామ్వే పోతాడు.

సాయంత్రం కుండలన్నిటికీ లోపల సున్నం పూసింది. ఒక్కటి పక్కన పెట్టింది.

బలరాం దాన్ని తీసి లోపలికి చూశాడు. "దీనికి మర్చిపోనావు."

"మర్చిపోలేదు. అమ్మోరికి."

అతను ఆమె ముఖంలోకి చూసి, కుండను నడుముకు కట్టుకున్నాడు.

పొద్దున్నే నిప్పు రాజెయ్యకముందు వెంకమ్మ ఆ కుండలోది రాళ్ల మీద సన్నటి ధారగా పోసింది. రాత్రంతా చెట్టు మీద పులిసిన కల్లు, మట్టిలో చిన్నగా చురచురమంది. తలా ఒక గుక్క తాగారు. దండాసి రెండు తాగాడు. మిగిలింది కడిగెయ్యాలని అందరూ అనుకున్నారు. ఈలోగా ఊక అంటుకుంది, గొట్టం లాగింది, నీరు పొయ్యాలి, పొంగు చూడాలి. కుండను వసారాలో వాసానికి తగిలించి అందరూ పెనం చుట్టూ చేరారు.

ఈసారి చుక్క నాలిక మీద వేసుకుని దండాసి కళ్లు మూసుకున్నాడు. చాలాసేపు తెరవలేదు.

"సిన్నాన్నా!"

"బెల్లమే" అన్నాడు. "ఒలే, బెల్లమే!"

తోపంతా వినపడింది. బలరాం నవ్వాడు. ఆమెకు తెలిసిన పాత నవ్వు అది. పాకం దించి కొబ్బరిచిప్పల్లో పోశారు. వెంకమ్మ గరిట అంచు వేలితో గీసి నాకి, కోడలి బుగ్గకు అంటించింది. దండాసి కాపలావాడికోసం నాలుగు అచ్చులు తాటాకులో చుట్టుకున్నాడు. పెనం గీకి, కడిగి, బోర్లించేసరికి పొద్దు ఇంకా నడినెత్తికి రాలేదు. కుండలన్నీ ఖాళీ. సింహాచలమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని ఒకసారి వాటి వంక చూసుకుంది.

అప్పుడు సైకిలు చప్పుడైంది.

సార్జెంటు వసారాలో ఎప్పుడూ కూర్చునే చోట కూర్చోలేదు. బెల్లం అచ్చు ఒకటి తీసి విరిచి నోట్లో వేసుకున్నాడు. బాగుందన్నాడు. ఖాళీ కుండల దగ్గరికి పోయి ఒక్కొక్కటీ వంచి చూశాడు, తాపీగా, బజారులో బేరం చేసేవాడిలా. తిరిగొస్తూ తల ఎత్తాడు. వాసానికి తగిలించిన కుండ అంచు మీద తేనెటీగలు ముసిరి ఉన్నాయి.

అతను కుండ దించి, తేనెటీగల్ని ఊది, వాసన చూశాడు.

"ఇది కాగలేదే" అన్నాడు.

"అది అమ్మోరిది బాబూ. దేవతకి" అంది వెంకమ్మ. పోలీసు మాట ఆవిడ చెవిన పడడం అదే మొదటిసారి. శుభ్రమైన బర్మాలో చెప్పింది. "కొత్త నిప్పుకి పోస్తాం. మా ఆచారం."

"నేను పెట్టాను సయా" అంది సింహాచలమ్మ. "ఆయనకి తెలీదు. పట్టుకుపోతే నన్ను పట్టుకుపొండి."

బలరాం అప్పటికే లేచి రెండు చేతులూ ముందుకు చాపి నిలబడ్డాడు. ఎవరూ చాపమనలేదు. ఠాణాలో నేర్చుకున్నాడు కాబోలు. పాదాల గుడ్డలు ఊడి నేలమీద ఈడుస్తున్నాయి. దండాసి ఏం జరుగుతోందో వినపడక అందరి పెదాలూ మార్చి మార్చి చూస్తున్నాడు.

సార్జెంటు ఆ చేతుల వంక చూశాడు. కుండ ఎత్తి, మడ్డితో సహా ఆఖరి చుక్కదాకా తాగాడు. మోచేత్తో మూతి తుడుచుకున్నాడు.

"మీ దేవత మంచిదే తాగుతుంది" అన్నాడు. "ఆచారాలు మానకూడదు. ప్రభుత్వం ఎవరి మతానికీ అడ్డు రాదు. రోజూ పూజ చెయ్యండి. ఇలాంటిదే ఒక కుండ. ఆ రాళ్ల దగ్గరి పెద్ద చెట్టుది. మధ్యాహ్నం లోపల నేనొచ్చి ప్రసాదం పుచ్చుకుంటాను."

"మేం రోజూ చెయ్యం సయా. పండక్కే" అంది సింహాచలమ్మ.

"ఇకనుంచి రోజూ." కుండను ఆమె చేతికిచ్చాడు. "కుండ లేని రోజున కూడా నేను వస్తాను, కలామా. ఆ రోజు వెతుకుతాను. నేను వెతికితే దొరకని ఇల్లు లేదు."

రెండు బెల్లం అచ్చులు జేబులో వేసుకుని సైకిలెక్కాడు.

బలరాం చేతులు కిందికి దించుకోవడం మర్చిపోయి కాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత గోడకు ఆనుకుని జారి కూర్చున్నాడు.

"ఒగ్గేసినాడు" అన్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు. "ఒగ్గేసినాడమ్మా!"

"అమ్మోరే కాసింది. నాను సెప్పలేదా?" అంది వెంకమ్మ. రాళ్ల దగ్గరికి పోయి సాగిలపడింది.

"ఏటన్నాడు?" అని దండాసి అరిచాడు. బలరాం అతని చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాడు. దండాసి విని, ఆలోచించి, ఒక కుండ కదా, మిగతాదంతా బెల్లమే కదా అన్నాడు. ఉలులు ఒక్కొక్కటీ తుడిచి సంచిలో వేసుకున్నాడు. బస్సు వేళవుతోంది. వెళ్తూ వెళ్తూ పొయ్యి పొట్ట మీద ఒక దెబ్బ వేసి, చప్పుడు అరచేత్తో విన్నాడు. "పదేళ్లుంటాది" అన్నాడు.

సింహాచలమ్మ చేతిలో ఆ కుండ అలాగే ఉంది.

*

ఆ సాయంత్రం ఆమె కుండలన్నిటికీ సున్నం పూసింది. ఆ కుండకు కూడా పూసింది. మూతి లోపలినుంచి అడుగుదాకా, వేళ్ల గీతలు తెల్లగా కనపడేటట్టు పూసి, వరసలో పెట్టింది.

బలరాం వచ్చి కుండలు నడుముకు కట్టుకుంటూ పెద్ద చెట్టు కుండ దగ్గర ఆగాడు.

"ఒలే."

ఆమె సున్నం అంటిన వేళ్లు గోనెకు తుడుచుకుంది.

"ఆడు వొస్తాడే."

"రానీ బావా. ఇంట్లో చుక్కలేకపోతే ఏటి సేస్తాడు?"

"ఏటి సేస్తాడో నీకు తెల్దు. నాకు తెలుసు." గొంతు పెంచలేదు. "ఇంకోపాలి నావల్ల కాదు. కొట్టేటప్పుడు పడుకోబెడతారు. ఒకడు నడుం మీద కూకుంటాడు. ఆడు కబుర్లు సెప్తానే ఉంటాడు, ఎవల్దో పెళ్లి గురించి."

ఇంతకుముందు అతను ఆ మాట చెప్పలేదు. ఆ తర్వాత కూడా చెప్పలేదు.

అతను ఆ కుండ తీసుకుని తొట్టి దగ్గరికి నడిచాడు. పాదం అంచు మీద నడుస్తున్నాడు. నీళ్లు పోసి, కొబ్బరిపీచుతో లోపల తోమాడు. పారబోసి, వెలుతురుకు ఎత్తి చూసి, మళ్లీ పోసి తోమాడు. ఏ పనైనా నెమ్మదిగా, నిండుగా చేసే మనిషి. సున్నంనీళ్లు తెల్లగా కాళ్ల మధ్య నుంచి పారాయి. ఆమె లేచి వెళ్లి ఆ చేతిలోంచి కుండ లాక్కోవచ్చు. పీట మీద నుంచి లేవలేదు. అతను నిచ్చెన ఎక్కుతుంటే, గుడ్డలు చుట్టిన ఆ కాళ్లు ఒక్కొక్క మెట్టు మీద ఆగి ఆగి పైకి పోవడం చూస్తూ కూర్చుంది.

పొద్దున నీరు దిగింది. పెనం నిండింది. ఊక అంటుకుంది. బలరాం పెద్ద చెట్టు కుండను విడిగా తెచ్చి, వసారాలో నీడపట్టున, తడిగుడ్డ కప్పి పెట్టి, మిగతా గెలలు చెక్కడానికి పోయాడు.

మలుపులు తిరుగుతూ నీరు చిక్కబడుతోంది. సింహాచలమ్మ తెడ్డు పక్కన పెట్టి వసారాలోకి వచ్చి ఆ గుడ్డ తీసింది. నురగ లేదు. వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది. తియ్యగా ఉంది. ఎంత తోమినా మట్టికుండ పొరల్లో సున్నం కొంత పట్టుకునే ఉంటుంది. రాత్రి చలి కూడా ఉంది. ఇది మధ్యాహ్నానికి పులవదు. సార్జెంటు వచ్చి, వాసన చూసి, ఇది కల్లు కాదంటాడు. నన్ను ఆటపట్టిస్తున్నారా అంటాడు. చెట్టు మీద ఉన్న మనిషిని దిగమంటాడు.

వెంకమ్మ పొంగు చూడమని కేకేసింది. పైన ఎక్కడో కత్తి గెల మీద పడుతున్న చప్పుడు వస్తోంది.

సింహాచలమ్మ కుండను రెండు చేతులతో ఎత్తింది. పొయ్యి దగ్గరికి తెచ్చి, ట్యాంకు పొట్టకు ఎక్కడ వేడి ఎక్కువగా తగులుతుందో అరచేతితో వెతికింది. గొట్టానికి కాస్త ఇవతల, తను చేత్తో మెత్తిన మట్టి కొంచెం పలచగా ఉన్న చోట, కుండను ఆనించి పెట్టింది. కదలకుండా కింద ఒక రాయి పెట్టింది. తడిగుడ్డ తీసేసి పొడిగుడ్డ కప్పింది.

కాసేపటికి గుడ్డ కింద నురగ కట్టే సన్నటి చప్పుడు మొదలైంది. ఆమె విని, తెడ్డు తీసుకుని పెనం వైపు తిరిగింది.